గడువు దాటిందని తేల్చాల్సింది ఎవరు?

(స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సూపరింటెండింగ్ ఇంజనీరు గారి దగ్గర పనిచేసినవాళ్లు ఈ హాల్లో చాలామంది కనిపిస్తున్నారు. నాకు ఆయన పరిచయం కోర్టు ద్వారా. టెండరు కేసుల్లో వకీలుగా కొన్నిసార్లు ఆయన శాఖ తరఫున నిలబడ్డాను, కొన్నిసార్లు ఎదుటి పక్షాన నిలబడ్డాను. ఎదుటి పక్షాన ఉన్నప్పుడు కూడా ఫలానా కాగితం కావాలని అడిగితే సర్టిఫై చేసిన కాపీ వెంటనే వచ్చేది. తన ఆఫీసులో ఉన్న కాగితం తన సొత్తు కాదని నమ్మిన మనిషి ఆయన. అలాంటి అధికారి స్మృతిలో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు, కాగితమే లేకుండా నడిచే నేటి టెండర్లలో ఆ నమ్మకం ఎక్కడుందో చూడాలనిపించింది.

ఈ-టెండర్లు వచ్చాక తరచుగా కోర్టు మెట్లెక్కుతున్న తగాదా ఒకటుంది. గడువు మూడు గంటలకైతే అంతకు చాలా ముందే అన్నీ ఎక్కించాననీ, చివరి బటన్ నొక్కితే తెర కదల్లేదనీ కాంట్రాక్టరు అంటాడు. పోర్టల్లో నీ బిడ్ లేదు, మిగతావాళ్లవి ఉన్నాయి, అంటే పోర్టల్ బాగానే పనిచేసినట్టు అని శాఖ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతూ ఉండవచ్చు. జరిగింది తెలిసిన సాక్షి ఒక్కటే, ఆ పోర్టల్ సర్వర్. ఆ సాక్షి ఒక పక్షం ఇంట్లో ఉంది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ఒక్క విషయం గురించే.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టెండరు పెట్టె కాలం ఎరిగినవాళ్లెవరూ ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోరు. సర్కిల్ ఆఫీసు వరండాలో సీలు వేసిన ఇనప పెట్టె, దాని చుట్టూ మూగిన మనుషులు. ఏ పని ఎవరిదో, ఎంత ఎక్సెస్‌కు వేయాలో రింగు కట్టినవాళ్లు ముందే మాట్లాడుకునేవారు. కొత్తవాడు షెడ్యూలు కొనడానికి వస్తే కౌంటరు దాకా రానిచ్చేవారు కాదు. ఎలాగో కొని నింపి తెస్తే, కవరు పెట్టెలో పడేలోపు చేతిలోంచి లాగేసేవారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను మొదలుపెట్టినప్పుడు దేశంలో ఆ దారి పట్టిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. శ్రీకాకుళంలో కూర్చుని అనంతపురం పనికి టెండరు వేయగలగడం, ఎవరు వేశారో తెరిచేదాకా పక్కవాడికి తెలియకపోవడం చిన్న విషయాలు కావు. ఆ మార్పు వల్ల ఎందరో చిన్న కాంట్రాక్టర్లు మొదటిసారి నిర్భయంగా రేటు వేయగలిగారు. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు.

కాకపోతే ఆ పాత పెట్టెకు ఒక గుణం ఉండేది. ఆలస్యం పదిమంది కళ్లెదుట జరిగేది. గోడ గడియారం అందరికీ కనిపించేది, తాళం పడటం అందరూ చూసేవారు. ఆ తర్వాత వచ్చినవాడు వాదనకు దిగినా, అక్కడున్న పోటీదారులే సాక్ష్యం చెప్పేవారు. ఇప్పుడు గడియారం సర్వర్‌లో ఉంది, తాళమూ సర్వర్‌లోనే పడుతుంది. చూసేవాళ్లు ఎవరూ లేరు.

బిడ్ వేయడంలో చివరి అంకం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. కేంద్ర ప్రభుత్వ పోర్టల్, చాలా రాష్ట్రాల పోర్టళ్లు జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం (ఎన్ఐసీ) తయారుచేసిన జెప్నిక్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. కాంట్రాక్టరు డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్‌ను కంప్యూటర్‌కు పెట్టి, పిన్ కొట్టి లోపలికి వెళతాడు. శాఖ ఇచ్చిన పని పరిమాణాల పట్టిక (బీఓక్యూ) ఎక్సెల్ ఫైలును దించుకుని, అందులో తెల్లగా వదిలిన గళ్లలో మాత్రమే తన రేట్లు నింపాలి. మిగతా గళ్లకు తాళం ఉంటుంది. ఫైలు పేరు మార్చకూడదు, ఫైలును సవరించినట్టు తేలితే బిడ్ తిరస్కరిస్తారు. ధరావతు (ఈఎండీ) కట్టిన వివరాలు, టర్నోవరు సర్టిఫికెట్లు, అనుభవ పత్రాలు ఒక్కొక్కటీ స్కాన్ చేసి ఎక్కించాలి. ఇదంతా అయ్యాక ‘ఫ్రీజ్ బిడ్ సబ్మిషన్’ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితేనే బిడ్ వేసినట్టు. అప్పుడు బిడ్ నంబరు, తేదీ, సమయంతో రసీదు తెర మీదికి వస్తుంది. ఫైళ్లన్నీ సర్వర్‌లోకి చేరినా, ఆ బటన్ నొక్కకపోతే లెక్కలోకి రావు. టెండరు పత్రాల్లోనే మరో షరతు ఉంటుంది: గడువుకు సర్వర్ సమయమే ప్రమాణం, ఆలస్యానికి ఏ కారణమైనా బాధ్యత బిడ్డరుదే.

ముంబయిలోని బీడీడీ చాల్‌ల పునర్నిర్మాణం టెండరు సరిగ్గా ఈ బటన్ దగ్గరే చిక్కుకుంది. వంద గజాల నేల దొరకని ఆ నగరం నడిబొడ్డున, బ్రిటిష్ కాలంలో కట్టిన ఒంటిగది ఇళ్ల సముదాయాలు అవి. కోట్లలో పని. షాపూర్‌జీ పల్లోంజీ లాంటి పెద్ద సంస్థ బిడ్ తయారుచేసి ఎక్కించింది. చివరికి రసీదు రాలేదు. పోర్టల్‌లో సాంకేతిక లోపం వల్లే బిడ్ నమోదు కాలేదని సంస్థ వాదన. ఫ్రీజ్ బటన్ ఘట్టం పూర్తి కాలేదు, పోర్టల్‌లో లోపం లేదు అని టెండరు పిలిచిన పక్షం వాదన. బొంబాయి హైకోర్టు సంస్థకు ఊరట ఇచ్చింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పోర్టల్‌ను నడిపే ఎన్ఐసీ ఇచ్చిన వివరణకే అక్కడ బరువు దక్కింది.

ఆ తీర్పు తప్పని నేననను. కోర్టు ముందున్న సామగ్రి మీద వేరే నిర్ణయానికి రావడం కష్టమే. గడువు అందరికీ సమానం కాబట్టే అది గడువు. ఒకడికి పది నిమిషాలు సడలిస్తే, ముందే వేసిన ఐదుగురికి అన్యాయం చేసినట్టు. 1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. ప్రభుత్వం తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడాలి, ఎవరికోసమో దాన్ని పక్కన పెడితే రాజ్యాంగం 14వ అధికరణను ఉల్లంఘించినట్టే. 1991 నాటి పొద్దార్ స్టీల్ కేసులో కొంత వెసులుబాటు చూపారు. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ టెండరులో ధరావతుకు స్టేట్ బ్యాంకు డ్రాఫ్టు అడిగితే బిడ్డరు యూనియన్ బ్యాంకు చెక్కు పెట్టాడు. అది ప్రధాన షరతు కాదు, శాఖ దాన్ని సడలించవచ్చు అన్నారు. కానీ సమయాన్ని అలాంటి చిన్న షరతుగా చూడాలని నేను ఏనాడూ వాదించలేదు, ఇవాళా వాదించను. పురూలియా జలవిద్యుత్ ప్రాజెక్టు టెండరులో కంప్యూటర్ చేసిన పొరపాటని చెప్పి అంకెలు సరిదిద్దుకోవాలనుకున్న బిడ్డరుకు కూడా 2001లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తన కంప్యూటర్ చేసిన తప్పుకు తనదే బాధ్యత. అదీ న్యాయమే.

మరి ప్రభుత్వ కంప్యూటర్ తప్పు చేస్తే బాధ్యత ఎవరిది? నా ప్రశ్నంతా ఇక్కడ మొదలవుతుంది.

అమెరికాలో ఈ ప్రశ్న ఇరవై ఏళ్లకు పైగా నలుగుతోంది. అక్కడ ఆలస్యంగా వచ్చిన బిడ్‌ను తీసుకోరు, మినహాయింపులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపింది గడువు తేదీకి ముందటి పనిదినం సాయంత్రం 5 గంటలకే ప్రభుత్వ వ్యవస్థ మొదటి సర్వర్‌కు చేరి ఉండటం వాటిలో ఒకటి. గడువులోగా ప్రభుత్వ కార్యాలయానికి చేరి, ప్రభుత్వ అధీనంలోకి వచ్చినట్టు రుజువుండటం మరొకటి. ఈ రెండో మినహాయింపు ఈమెయిల్ బిడ్‌కు వర్తిస్తుందా? వర్తించదని అక్కడ బిడ్ ఫిర్యాదులు విచారించే జీఏఓ 2002లో సీ బాక్స్ కేసులో తేల్చింది. వర్తిస్తే మొదటి మినహాయింపుకు అర్థమే ఉండదన్నది దాని తర్కం. 2013లో కోర్ట్ ఆఫ్ ఫెడరల్ క్లెయిమ్స్ దీనికి ఎదురు తీర్పిచ్చింది. అది ఇన్‌సైట్ సిస్టమ్స్ కేసు. యూఎస్ ఎయిడ్ పిలిచిన పనికి రెండు సంస్థలు ఈమెయిల్‌లో కొటేషన్లు పంపాయి. అవి గడువులోగానే ఏజెన్సీ మొదటి సర్వర్‌ను చేరాయి. అక్కడి నుంచి లోపలి సర్వర్‌కు పోవడంలో ఏజెన్సీ సొంత వ్యవస్థ లోపం వల్ల నిలిచిపోయి, గడువు దాటాక అధికారి ఇన్‌బాక్స్‌లో పడ్డాయి. గడప దాటి లోపలికి వచ్చిన ఉత్తరాన్ని నీ నౌకరు నీ బల్ల మీద పెట్టకపోతే, ఉత్తరం రాలేదని ఎలా అంటావు? కోర్టు చెప్పిన దాని సారాంశం అంతే. జీఏఓ మాత్రం తన మాట మీదే నిలబడింది. దాంతో ఒకే రకమైన సంఘటనకు ఏ గుమ్మం తొక్కావన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయే పరిస్థితి వచ్చింది. 2022లో ఈసింప్లిసిటీ కేసు మరో ముచ్చట బయటపెట్టింది. నేవీ సర్వర్ ఒక పరిమాణానికి మించిన ఈమెయిల్‌ను తిప్పికొడుతుంది, ఆ పరిమితి మాట టెండరు పత్రంలో ఎక్కడా లేదు. చెప్పని షరతు పేరిట బిడ్‌ను కాదనడం చెల్లదని కోర్టు తేల్చింది.

ఆ కేసుల్లో ఎవరు గెలిచారన్నది మనకు ముఖ్యం కాదు. ఏ నిమిషాన ఏ సర్వర్ దగ్గరికి ఏది చేరిందో ఆ కోర్టు ముందు సర్వర్ రాసుకున్న లాగ్‌లు పరచి చర్చించారు. ఏజెన్సీ రికార్డు కోర్టు ముందుకు రావడం అక్కడ ఆనవాయితీ. మన దగ్గర రిట్ పిటిషన్‌లో శాఖ తరఫున ఒక కౌంటర్ అఫిడవిట్ వస్తుంది. అందులో ‘పోర్టల్ సక్రమంగా పనిచేసింది’ అని ఒక వాక్యం ఉంటుంది. దాని వెనక లాగ్ ఎంత తరచుగా జతపడుతుందో టెండరు కేసులు చూసే వకీళ్లను అడగండి, చెబుతారు.

మన చట్టం ఈ విషయంలో వెనకబడిందేమీ కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షన్ ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చింది. పంపినవాడి అధీనంలో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి రికార్డు ప్రవేశించినప్పుడు పంపినట్టు. అందుకునేవాడు ఫలానా వ్యవస్థకు పంపమని నిర్దేశించి ఉంటే, ఆ వ్యవస్థలోకి ప్రవేశించిన క్షణాన అందినట్టు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1996 నమూనా చట్టం నుంచి వచ్చిన సూత్రమిది. అయితే రెండింటికీ ముందు ఒక షరతు ఉంది: ఉభయులూ వేరేగా ఒప్పుకోకపోతేనే ఇది వర్తిస్తుంది. టెండరు పత్రంలో ఫ్రీజ్ నొక్కితేనే అందినట్టు అని రాసినప్పుడు, బిడ్డరు దానికి ఒప్పుకున్నట్టే. అలా ఒప్పుకోవాల్సిందే, వేరే దారి లేదు. కాబట్టి చట్టం ఇచ్చిన రక్షణను టెండరు షరతు తీసేసుకుంటోంది. తీసుకోవడంలో తప్పు లేదు, అందరికీ ఒకటే నియమం ఉండాలి కదా. తీసుకున్నాక దానికి తగ్గ బాధ్యత కూడా శాఖ మోయాలన్నదే నా వాదన. బటన్ నొక్కే ప్రయత్నం జరిగిందా లేదా, ఆ యూజర్ సెషన్ ఎన్ని గంటలకు తెగింది, గడువుకు ముందు చివరి నిమిషాల్లో సర్వర్ ఎన్ని అభ్యర్థనలను తిప్పికొట్టింది అన్నది లాగ్‌లో ఉంటుంది. ఆ లాగ్ శాఖ చేతిలో ఉంది, బిడ్డరుకు అందదు.

ఇక్కడ సాక్ష్య చట్టం చిక్కు ఒకటుంది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో రుజువు చేయాలంటే సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో 65బి సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్. ఆ సర్టిఫికెట్ ఇవ్వగలిగేది ఆ వ్యవస్థ బాధ్యుడు. అంటే బిడ్డరు తన మాట నిరూపించుకోవాలంటే ఎదుటి పక్షం సంతకం కావాలి. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు, పరికరం తన చేతిలో లేనివాడు కోర్టును అడిగి సర్టిఫికెట్ తెప్పించుకోవచ్చని దారి చూపింది. మంచిదే. కానీ టెండరు కేసులో కాలం ఎటు పరుగెడుతుందో చూడండి. ప్రైస్ బిడ్ తెరుస్తారు, అతి తక్కువ రేటు వేసిన ఎల్-1 ఎవరో తేలిపోతుంది, వారంలో అగ్రిమెంటు అయిపోతుంది. మౌలిక వసతుల పనైతే 2018లో సవరించిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఇంజంక్షన్‌కు అడ్డుపడుతుంది. టాటా సెల్యులార్ కేసు నుంచి ఇటీవలి తీర్పుల దాకా హైకోర్టులు టెండరు విషయాల్లో చేయి పెట్టడం తగ్గించుకోవాలనే సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. అందుకు సరైన కారణాలున్నాయి, పనులు ఆగిపోతే నష్టపోయేది జనం. ఇవన్నీ కలిసొచ్చేసరికి లాగ్ చేతికొచ్చే నాటికి రోడ్డు సగం పడి ఉంటుంది.

ఈ తగాదా తెగాల్సింది కోర్టులో కాదు, ప్రైస్ బిడ్ తెరవకముందు శాఖ గదిలో. అప్పటికి రేట్లు ఎవరికీ తెలియవు. ఆలస్యం నిజమో కాదో తేల్చి, ఒక బిడ్‌ను తీసుకున్నా వదిలేసినా ఎవరికీ అనుచిత లాభం లేదు. ప్రైస్ బిడ్ తెరిచాక ఆ అవకాశం శాశ్వతంగా పోతుంది.

చివరి నిమిషం దాకా ఎందుకు ఆగుతారు, ముందే వేయొచ్చు కదా అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాంట్రాక్టర్లలో నిర్లక్ష్యం లేదనను. డాంగిల్ ఒకరి దగ్గర, పిన్ మరొకరి దగ్గర ఉండి, గడువు రోజున ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉన్న సందర్భాలు నాకు తెలుసు. అలాంటి ఆలస్యానికి జాలి చూపక్కర్లేదు. కానీ ఎన్నో ఆలస్యాలు శాఖ పెట్టిన ఇబ్బందుల్లోంచే పుడతాయి. గడువు దగ్గరపడ్డాక సవరణ ప్రకటన (కొరిజెండం) వస్తుంది, బీఓక్యూ మారుతుంది, కొత్త ఫైలు దించుకుని రేట్లన్నీ మళ్లీ నింపాలి. బ్యాంకు గ్యారంటీ బ్రాంచి మేనేజరు సంతకం కోసం ఆగి ఉంటుంది. ఒకే రోజు ఒకే గంటకు పదుల టెండర్లకు గడువు పెడితే సర్వర్ మీద బరువు పెరగకుండా ఎలా ఉంటుంది? రేటు ముందే వేస్తే ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్న భయమూ ఉంది. బిడ్లు గుప్తలిపిలో భద్రపడతాయి, తెరిచే అధికారుల డిజిటల్ తాళాలు లేకుండా చదవలేరు. ఆ నమ్మకం కలిగించాల్సింది పోర్టల్ నడిపేవాళ్లే. పాత పెట్టె కాలపు భయం ఒక్క సర్క్యులర్‌తో పోదు.

ఇంకొక సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది. పోర్టల్‌లో లోపం లేదని సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? ఆ పోర్టల్‌ను కట్టి నడుపుతున్న సంస్థే. ఎన్ఐసీ ఇంజనీర్ల నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, వాళ్లు దేశానికి చేసిన సేవ పెద్దది. కానీ మీరు కట్టిన వంతెన కుంగితే, కుంగలేదని చెప్పే అధికారం మీకే ఇస్తారా? క్వాలిటీ కంట్రోల్ వింగును వేరుగా ఎందుకు పెట్టారు? ఈ-టెండరు వ్యవస్థలను పరీక్షించి ధ్రువీకరించడానికి కేంద్రంలో ఎస్‌టీక్యూసీ అనే విభాగం ఉంది. వివాదం వచ్చిన సమయపు లాగ్‌ను అలాంటి బయటి కన్ను చూసే ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2012లో కేంద్రం పార్లమెంటులో పెట్టిన పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో తమ టెండరు పారదర్శకత చట్టాలు తెచ్చుకుని, అందులో అప్పీలుకు చోటిచ్చాయి. ఈ-టెండర్లలో ముందు వరుసలో నడిచిన మన నేల మీద, ఆ టెండరులో అన్యాయం జరిగిందన్నవాడు హైకోర్టుకు పోకుండా చెప్పుకోవడానికి ఒక గట్టి చోటు ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఈ హాల్లో టెండర్లు పిలిచే ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లున్నారు, వాటిని ఖరారు చేసే పైస్థాయి అధికారులున్నారు. చట్టం కోసం, ఉత్తర్వు కోసం ఆగకుండా మీ చేతుల్లోనే చేయదగ్గ పని ఒకటుంది. బిడ్ పోర్టల్‌లో చిక్కుకుందని గడువు రోజే ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ప్రైస్ బిడ్ తెరవడం రెండు మూడు రోజులు ఆపండి. ఆ గంట లాగ్ తెప్పించి ఫైల్లో పెట్టండి. సర్టిఫై చేసిన కాపీ ఫిర్యాదుదారుకు ఇవ్వండి. బిడ్ నిజంగానే ఆలస్యమైతే నిస్సంకోచంగా తిరస్కరించండి, ఆ తిరస్కరణ ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. పోర్టల్‌దే తప్పని తేలితే అందరికీ గడువు పొడిగించండి. లాగ్ చూడకుండా మాత్రం ‘పోర్టల్ సక్రమంగా పనిచేసింది’ అన్న వాక్యం కింద సంతకం పెట్టవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.